దవడ కింద చెయ్యి

ఆ ఎండాకాలం మొదట్లో, మనవడి కంటికేమైందని అడిగిన వాళ్ళందరికీ మా మామ సుబ్బయ్య ఒకటే జవాబు చెప్పాడు. "ఏంలే, దుమ్ము పడినాది" అనేవాడు.

దుమ్ము పడితే కన్ను ఎర్రబడుతుంది. చెన్నడి కన్ను తెల్లబడింది. సందెవేళ దీపం ముట్టించి వాడి ముఖం దగ్గరికి తెస్తే ఎడమకంటి పాప లోపలినుంచి పిల్లికన్నులా మెరిసేది. ఇంట్లో అందరం చూశాం. మామ కూడా చూశాడు. చూసి, దీపం అవతలికి తీసుకుపొమ్మన్నాడు.

చెన్నకేశవులు నా కొడుకు. అప్పటికి వాడికి నాలుగో ఏడు. నా కొడుకు అని ఇక్కడ ధీమాగా రాస్తున్నాను గాని, ఆ ఇంట్లో ఆ మాట నా నోటినుంచి వచ్చిన గుర్తు లేదు. నేను ఇల్లరికం వచ్చినవాణ్ణి. మాది పామూరు పక్క. మెట్టపొలం రైతుకు మూడో కొడుకుగా పుట్టాను. సుబ్బయ్యకు మగపిల్లలు లేరు, రమణమ్మ ఒక్కతే కూతురు. రాచర్ల చుట్టుపక్కల ఆయనంత భూమి ఉన్నవాడు లేడు. సంతలో ఎద్దును చూసుకున్నట్టే ఆయన నన్ను చూసుకుని తెచ్చుకున్నాడు. ఎద్దుకు నాకంటే ఒక సుఖం ఉంది, దాన్ని ఎవరూ అల్లుడని పిలవరు.

మా అత్త గురమ్మ కంటికి దిష్టి తీసింది. ఎవరో చెబితే రాచర్ల నుంచి ఒకణ్ణి పిలిపించారు. వాడు కంట్లో ఏదో ఆకుపసరు పిండి, అమ్మవారికి పొట్టేలును కోయించి, ఆ పొట్టేలు తలకాయ తానే పట్టుకుపోయాడు. చెన్నడు రెండు పూటలు కన్ను తెరవలేదు. తెరిచినప్పుడు ఆ తెలుపు ఇంకాస్త పెద్దదైంది.

ఆసుపత్రి మాట మొదట ఎత్తింది అబ్రహాము. ఆయన మాలపాలెం మనిషి, మా బండి తోలేవాడు, కళ్ళం కాసేవాడు. ఒకరోజు ఎడ్లు విప్పుతూ, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు.

"మా యేసుమణి పనిజేసే మిషనాసుపత్రిలో ఇట్లాంటి కండ్లు చూస్తారంట సామీ."

మామ వినలేదు. అంటే, విననట్టు ముఖం పెట్టాడు. కొన్నాళ్ళు పోయాక అరుగు మీద కూర్చుని, "నాకు తోచింది, పిల్లోణ్ణి మిషనాసుపత్రికి తీసకపోదాం" అని ప్రకటించాడు. అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఆయన తెలివికి తలలూపారు. అబ్రహాము గడ్డి వేస్తూ వింటున్నాడు. ఆయనా తల ఊపాడు.

అబ్రహాము కూతురు యేసుమణి ఆ ఆసుపత్రిలో ఊడ్చే పని చేస్తుందని మామ అనుకున్నాడు. మేమందరం అట్లాగే అనుకున్నాం.

చెన్నణ్ణి తీసుకుని మామ, రమణమ్మ, నేను బయల్దేరాం. గిద్దలూరు దాకా బండి, అక్కణ్ణుంచి రైలు. పెట్టెలో మామకు ఒక పక్క ఎవరో సాయిబు, ఇంకో పక్క తోళ్ళ మూటతో ఒకడు కూర్చున్నారు. ముగ్గురి భుజాలూ రాసుకుంటూనే ఉన్నాయి. రైలు కూత వేసేసరికి మామ కులం కాసేపు కళ్ళు మూసుకుంటుందని నాకప్పుడు తెలిసింది.

ఆసుపత్రిలో డాక్టరు ఒక దొరసాని. సన్నగా, పొడుగ్గా ఉంది. ఆమె తెలుగు మిషన్ పుస్తకంలోంచి లేచివచ్చినట్టుండేది. చెన్నణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చిన్న అద్దంతో కంట్లోకి వెలుగు పట్టి చాలాసేపు చూసింది. తర్వాత మా ముగ్గురి వంకా చూసింది.

"ఇది దుమ్ము కాదు. కంటిలో పెరుగుచున్న రాచపుండు. కన్ను తీసివేయవలెను. ఇప్పుడే తీసిన యెడల బిడ్డ బ్రదుకును. ఆలస్యము చేసిన యెడల అది నరము వెంట తలలోనికి పోవును."

మామ ఏడుస్తాడనుకున్నాను. ఆయన మీసం సర్దుకున్నాడు. "తీసెయ్యి తల్లీ. మగపిల్లోడు, ఒక కన్నుంటే చాలు" అన్నాడు.

అప్పటిదాకా రమణమ్మ నోరెత్తలేదు. నా భార్యను గురించి నాకప్పుడు పెద్ద అభిప్రాయం లేదు. తండ్రి ఎటు తిరిగితే అటు తిరిగే నీడ అనుకునేవాణ్ణి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

"తీసేటప్పుడు నొప్పి తెలుస్తాదా?"

"తెలియదు. క్లోరోఫారము వాసన చూపి నిద్రపుచ్చుదుము. ఆ పని ఈమెది" అని దొరసాని వెనక్కి చూపించింది.

వెనక తెల్లచీర కట్టుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తడి చేతులు పైకెత్తి పట్టుకుని నిలబడి ఉంది యేసుమణి.

మామ గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. చీపురు లేని యేసుమణిని ఆయన ఎన్నడూ ఊహించుకోలేదు గదా.

"ఈ పిల్ల మా అబ్రహాము కూతురు గదా?"

"అవును పెద్దాయనా" అంది యేసుమణి. వాళ్ళ నాయన 'సామీ' అంటాడు. ఆ తేడా మామ చెవులకు గుచ్చుకోవడం నేను చూశాను. నాకు సంతోషంగానే ఉండింది.

"ఏం జేస్తావు నువ్వు? ముట్టుకుంటావా?"

"ముక్కు మీద ఒక గుడ్డ పెడతా. దాని మీద మందు చుక్కలేస్తా. నిద్ర పట్టినాక పిల్లలకు నాలుక వెనక్కి జారుతాది, ఊపిరాడదు. అందుకని ఒక చెయ్యి దవడ కింద పెట్టి ఎత్తి పట్టుకోవాల. ఆమె కోసినంతసేపూ."

"నోటి మీదనా?"

"నోటి మీద, ముక్కు మీద. ఊపిరి ఆడేది ఆడనే గదా."

మామ దొరసాని వైపు తిరిగాడు. "తల్లీ, నువ్వే ఆ గుడ్డ పట్టుకో" అన్నాడు. నాకు రెండే చేతులున్నవి, అవి కంటి దగ్గర ఉండవలెను, అని ఆమె చెప్పింది. అయితే ఈ పిల్ల ముట్టుకోకుండా దూరం నుంచి, ఎత్తున నిలబడి చుక్కలు పొయ్యొచ్చుగదా అని మామ అడిగాడు. పాలెం వాళ్ళ దోసిట్లో నీళ్ళు పోసి పోసి ఆ ఒక్క పద్ధతే ఆయన బుర్రలో మిగిలింది.

"అట్లే పోస్తా" అంది యేసుమణి. "ఊపిరాగితే నువ్వు గూడ ఆ ఎత్తు నుంచే చూడు."

మామ ముఖం నల్లబడింది. అప్పుడాయన ఒక మాట అన్నాడు. ఆ మాట అన్న మనిషితో తర్వాత నేను వారాల తరబడి ఒకే వరసలో కూర్చుని అన్నం తిన్నాను.

"మందు అక్కర్లేదు. మేం ముగ్గురం గట్టిగా పట్టుకుంటాం. నువ్వు కోసెయ్యి. మా పిల్లోడు ఓర్చుకుంటాడు."

చెన్నడు దొరసాని ఒళ్ళో కూర్చుని ఆమె మెడలో వేలాడుతున్న రబ్బరు గొట్టాలతో ఆడుకుంటున్నాడు.

దొరసాని చాలా నెమ్మదిగా మాట్లాడింది. "మెలకువగా నున్న బిడ్డను నేను కోయను. మీరు పట్టుకొనినను కోయను."

మామ మనవణ్ణి ఎత్తుకుని బయటికి నడిచాడు. ఆయన వెనక రమణమ్మ. ఆమె వెనక నేను. వాకిట్లో యేసుమణి నాతో అంది, "నువ్వు పిల్లోని నాయనవంట గదా. నోరు గూడ మీ మామదేనా?"

* * *

ఇంటికి వచ్చాక మామ కొత్త సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. దొరసానికి తెలివి లేదట. కన్ను తీసి దొరల సీమకు పంపుతారట. అరుగు మీద వాళ్ళు దానికీ తలలూపారు. ఆ తలలు దేనికైనా ఊగుతాయి.

నెల తిరిగేసరికి కన్ను వాచింది. గుడ్డు ముందుకు తోసుకొచ్చి రెప్పలు మూతపడలేదు. చెన్నడు ముందు తలనొప్పి అన్నాడు, తర్వాత మాటలు మానేశాడు. పొద్దున లేచిన దగ్గర్నుంచి గోడకు నుదురు ఆనించి కూర్చునేవాడు. గోడ చల్లగా ఉంటుందని. నొప్పి ఎక్కువైనప్పుడు అరిచేవాడు. ఆ అరుపు పిల్లవాడి అరుపులా ఉండేది కాదు. గొడ్లు బెదిరి తాళ్ళు తెంపుకునేవి. పిల్లవాడు ఓర్చుకుంటాడని చెప్పిన మామ తన మంచం తోటలోకి వేయించుకున్నాడు. ఇంట్లో గాలి లేదన్నాడు.

రమణమ్మ వాణ్ణి భుజాన వేసుకుని కొట్టానికీ బావికీ మధ్య తిరుగుతూ ఉండేది. నాతో మాట్లాడేది కాదు. నేనేమన్నా సలహా ఇస్తే, నేనెవరో గుర్తు తెచ్చుకుంటున్నట్టు చూసేది.

ఒకరోజు మామ పెళ్ళిసంబంధం తగువులో తీర్పు చెప్పడానికి కొనకనమిట్ల పోయాడు. చుట్టాల్లో ఏ తగువు వచ్చినా ఆయన వెళ్ళాలి. న్యాయం చెప్పడంలో దిట్ట అని పేరు. ఆయన గుర్రబ్బండి ఊరు దాటిందో లేదో రమణమ్మ చద్దిమూట కట్టుకుని, చెన్నణ్ణి గొంగట్లో చుట్టుకుని కొట్టంలోకి వచ్చింది. నేను చొప్ప నరుకుతున్నాను.

"ఏమయ్యో, నువ్వొస్తావా, నన్నొక్కదాన్నే పొమ్మంటావా?"

"యాడికి?"

ఆమె ఆ ప్రశ్నకు జవాబివ్వడం దండగ అనుకుంది. అబ్రహాము వైపు తిరిగి, "బండి కట్టు అబ్రహామా. గిద్దలూరు పోవాల" అంది.

అబ్రహాము ఎడ్ల వైపు చూశాడు, ఇంటి వైపు చూశాడు. బండి కడితే తన పని పోతుందని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. "మా బిడ్డ చేతికే గదమ్మా ఇచ్చేది" అని కాడి ఎత్తాడు.

అత్త గురమ్మ వంటింటి గడపలో నిలబడి ఇదంతా చూస్తోంది. అడ్డం వస్తుందనుకున్నాను. ఆమె లోపలికి పోయి, మళ్ళీ వచ్చి, బండిలోకి నీళ్ళ చెంబు అందించింది. "పిల్లోని మొకాన ఎండ పడనీకు" అని చెప్పి తలుపేసుకుంది.

నేను కొడవలి అక్కడే పారేసి బండెక్కాను. ఇది ధైర్యమని ఎవరన్నా అనుకుంటారేమో. ఇద్దరు ఆడవాళ్ళూ ఒక బండి తోలేవాడూ తేల్చుకున్న పనిలో నేను చివర ఎక్కి కూర్చున్నాను, అంతే.

* * *

దొరసాని కన్ను చూసి పెదవులు బిగించింది. "ఆలస్యము చేసితిరి. వెనుకకు పోయినదో లేదో తీసిన తరువాత గాని తెలియదు" అంది. మర్నాడు పొద్దున్నే చేస్తానంది. అప్పటిదాకా పిల్లవాడికి ఏమీ పెట్టొద్దంది.

పొద్దున యేసుమణి వరండాలోకి వచ్చింది. మమ్మల్ని చూసి నవ్వలేదు. "ఏం, ఇప్పుడు పనికొచ్చిందా నా చెయ్యి?" అంది.

నేను ఏదో చెప్పబోయాను. మా మామ వేరు, నేను వేరు, నాకట్లాంటి పట్టింపులు లేవు, ఇట్లాంటిదేదో. ఆమె నన్ను మొదటి ముక్క దగ్గరే ఆపేసింది.

"చిన్నప్పుడు మీ చేలో పరిగె ఏరుకుంటుంటే మీ మామ చెర్నాకోల తీసుకొని నన్ను వాగుదాకా తరిమినాడు. నువ్వట్ల తరమవులే. గట్టు మీద నిలబడి అయ్యో అంటావు. పక్కకు జరుగు."

రమణమ్మ ఆమెకు ఎదురుగా పోయి నిలబడింది. ఇద్దరిదీ దాదాపు ఒకే ఈడు. ఒకే ఊళ్ళో పుట్టి అప్పటిదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

"నన్ను లోపలికి రానిస్తావా యేసుమణీ? నిద్ర పట్టిందాకా ఉంటా. వాడు బెదురుతాడు."

యేసుమణి తలుపు తెరిచి పట్టుకుంది. "ఏడిస్తే బయటికి పంపిస్తా" అంది.

"ఏడ్వను."

నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నన్నెవరూ పొమ్మనలేదు, రమ్మనలేదు. బల్ల మీద చెన్నణ్ణి పడుకోబెట్టారు. యేసుమణి వాడి బుగ్గలకూ పెదాలకూ ఏదో లేపనం పూసింది, మందు తగిలితే చర్మం కాలుతుందని. తీగెతో అల్లిన చిన్న తొడుగు, దాని మీద తెల్లగుడ్డ. వాడు ఆ తొడుగును చూసి తల అటూ ఇటూ తిప్పాడు. ఎద్దు నోటికి కట్టే చిక్కం లాగుంది మరి.

"వద్దు. నాకొద్దు. వాసన."

"వాసన బాగలేదు గదా? అయితే ఊదు. గట్టిగా ఊదితే పోతాది" అంది యేసుమణి. నాతో మాట్లాడిన గొంతు కాదది. ఆ గొంతు ఆమెకుందని నేననుకోలేదు.

చెన్నడు తల్లి కోసం చూశాడు. రమణమ్మ వాడి చేతిని రెండు చేతులతో పట్టుకుని వంగి, మామూలుగా, ఇంట్లో పక్కింటావిడ గురించి చెప్పినట్టుగా అంది.

"అత్త చెప్పినట్టు ఊదు నాయనా."

యేసుమణి చేతిలో సీసా ఒక్క క్షణం ఆగింది. తర్వాత చుక్కలు పడడం మొదలైంది.

వాడు ఊదాడు. బుగ్గలు పొంగించి, దీపం ఆర్పుతున్నట్టు ఊదాడు. ఊదాక గాలి పీల్చుకోవాలి గదా. మళ్ళీ ఊదాడు. ఊదడం మెల్లమెల్లగా తగ్గింది. వారాలుగా ముడుచుకునే ఉన్న వాడి నుదురు విప్పుకుంది. యేసుమణి ఎడమచెయ్యి వాడి దవడ కిందికి పోయి, గడ్డాన్ని కొంచెం పైకెత్తి, అక్కడ నిలిచింది. వేలికొస ఒకటి చెవి ముందు నాడి మీద ఉంది.

"ఇంక పో రమణమ్మా" అంది.

కన్ను తీసేటప్పుడు నేను చూడలేదు. తలుపు సందులోంచి ఒకటే కనబడుతూ ఉండింది, ఆ చెయ్యి. దొరసాని ఏదో అడిగేది, యేసుమణి వాడి ఊపిరి వింటూ ఒక్క మాటలో జవాబు చెప్పేది. చెయ్యి కదలలేదు. ఒకసారి ఆమె ముఖం మీద ఈగ వాలింది. తోలుకోలేదు.

అంతా అయ్యాక దొరసాని బయటికి వచ్చి, "నరము కొస శుభ్రముగా నున్నది. దేవునికి స్తోత్రము" అంది. "అయితే రెండవ కన్ను కూడ చూచుచుండవలెను. మెలకువగా నున్న పిల్లవాడు లోపల చూడనివ్వడు. నిద్రపుచ్చి చూడవలెను. మరల మరల తీసికొని రండి."

ఆమె వెనక యేసుమణి వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంది. ఎడమచెయ్యి కొంకర్లు పోయి వేళ్ళు తెరుచుకోవడం లేదు. కుడిచేత్తో ఒక్కో వేలూ విప్పుకుంటోంది. పక్కన మా ఇత్తడి చెంబు ఉంది. ఆమె దాన్ని ఎత్తి, నా వంక చూస్తూ, అంచుకు పెదవి ఆనించి, గటగటా తాగి, కింద పెట్టింది. నేనేమంటానో చూద్దామని తాగినట్టుంది.

నేనేమీ అనకముందే రమణమ్మ వచ్చి ఆ చెంబులో మిగిలిన నీళ్ళు తాను తాగింది. ఆమెకు దాహమైంది. అంతకంటే ఏమీ లేదని ఆమె ఇప్పటికీ అంటుంది.

* * *

గాయం కాస్త మానాక ఇంటికి వచ్చాం. చెన్నడు గోడ దగ్గరికి పోలేదు. దూడ వెంట పరిగెత్తాడు, కన్ను లేని పక్క గుంజకు కొట్టుకుని పడ్డాడు, లేచి మళ్ళీ పరిగెత్తాడు.

మామ తిట్టలేదు, కొట్టలేదు. అంతకంటే పెద్ద పని పెట్టుకున్నాడు. తాను చెబితేనే మేం ఆసుపత్రికి పోయామని, దొరసాని తన చేత్తోనే మత్తుమందు పట్టిందని ఊరంతా చెప్పేశాడు. అయినా ఎందుకైనా మంచిదని పిల్లవాడికి శుద్ధి చేయించి, చుట్టాలను పిలిచి పొట్టేలును కోయించాడు. భోజనాలకు ముందు నన్ను కొట్టంలోకి పిలిచాడు.

"అల్లుడా, అడిగితే దొరసానే అని చెప్పు. నువ్వట్ల చెప్పినావంటే అబ్రహాము బండి కట్టిన సంగతి నేను మర్చిపోతా. పనిలో ఉండనిస్తా."

"సరే మామా" అన్నాను.

అబ్రహాము కోసం ఒప్పుకున్నానని చెప్పుకుంటే బాగుంటుంది. అదీ కొంత నిజమే. అయితే ఆ విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళకు నిజం చెప్పేంత గౌరవం వాళ్ళ మీద నాకు లేదు. వాళ్ళకు ఏ అబద్ధమైనా సరిపోతుంది, కూర వేడిగా ఉంటే.

సగం తిన్నాక రమణమ్మ పెదనాయన, కొనకనమిట్ల పెద్దమనిషి, చెన్నణ్ణి దగ్గరికి పిలిచి కట్టు మీద చెయ్యి వేశాడు.

"ఏం చెన్నా, నిన్ను ఎవరు నిద్రపుచ్చినారురా? దొరసానేనా?"

"కాదు. యేసుమణత్త."

"ఏ అత్త?"

"మన అబ్రహాము కూతురు. ఊదమనింది. ఊదినా."

వరసలో చేతులు ఆగాయి. మామ గట్టిగా నవ్వాడు. "పిల్లోనికి మత్తు ఇంకా దిగలే" అన్నాడు. ఆ నవ్వుతోనే నా వంక చూశాడు. అందరూ నా వంక చూశారు. నేను నోరు తెరిచాను.

రమణమ్మ కూరగిన్నె పట్టుకుని వరస మధ్యలో ఉంది.

"అత్తే" అంది. "నేను ఆడ్నే ఉన్నా. వాని దవడ కింద యేసుమణి చెయ్యి పెట్టి పట్టుకున్నాది. కన్ను తీసేదాకా తియ్యలే." తర్వాత గిన్నెలోకి చూసుకుంది. "ఇంకో ముక్క వెయ్యనా పెదనాయనా?"

ఆయన లేచాడు. ఆయన వెనక కొందరు లేచారు. అయితే ఒకటి చెప్పాలి, విస్తట్లో ముక్కలు మిగిలినవాళ్ళెవరూ తొందరపడలేదు. ముందు అవి తినేసి, తర్వాత మైలపడ్డారు.

ఆ సాయంత్రమే అబ్రహామును పనిలోంచి తీసేశాడు మామ. మమ్మల్ని గొడ్ల కొట్టం పక్కన వేరే పొయ్యి పెట్టుకోమన్నాడు. చెన్నడు మాత్రం తన దగ్గరే ఉండాలన్నాడు. రమణమ్మ విని, పొయ్యి పెట్టలేదు, మూట కట్టింది. ఈసారి నన్ను వస్తావా అని అడగలేదు. నేనే మూట ఎత్తుకున్నాను.

మార్కాపురంలో పలకల గనులుండేవి. అక్కడ రాయి చీల్చే పనిలో చేరాను. రమణమ్మ పలకలు రుద్ది నున్నగా చేసేది. పామూరు నుంచి మా అన్నలు వచ్చి, అంత భూమి మీద పోయి ఉమ్మేసి వచ్చావేందిరా అని నన్ను తిట్టి, మధ్యాహ్నం తిని, వెళ్ళారు. అబ్రహాముకు యేసుమణి ఆసుపత్రి తోటలో నీళ్ళు పోసే పని ఇప్పించింది. ఇంత అయినా అబ్రహాము నన్ను చూస్తే 'సామీ' అనేవాడు. ఆ మాట మానుకొమ్మంటే నవ్వేవాడు.

* * *

మొదటి వానలు పడ్డాక రెండో కన్ను చూపించడానికి పోయాం. చెన్నడు బల్ల మీదికి తానే ఎక్కాడు. రమణమ్మ లోపల ఉంది. నేను చెన్నడి గుడ్డలు ఉతుకుదామని బావి దగ్గరికి పోయాను. తిరిగి వస్తుంటే వరండాలో బల్ల మీద మామ కూర్చుని ఉన్నాడు.

ఎవరు చెప్పారో తెలియదు. మేం మార్కాపురంలో ఉన్నామని అత్త గురమ్మే చెప్పి ఉంటుంది. మార్కాపురం సంతకు వచ్చి, మేం ఇటు వచ్చామని తెలిసి రైలెక్కినట్టున్నాడు. తలపాగా నలిగి ఉంది. ముసలివాడైపోయాడు. జాలిపడదామనుకున్నాను గాని, ఆయన నన్ను చూడకముందే తలుపు తెరుచుకుంది. నేను స్తంభం చాటున ఆగిపోయాను.

యేసుమణి చెన్నణ్ణి చేతుల మీద పట్టుకుని వచ్చింది. వాడింకా నిద్రలోనే ఉన్నాడు.

"వీళ్ళ నాయన యాడ? రమణమ్మ దొరసాని కాడ ఉంది. లోపల ఇంకో బిడ్డ బల్ల మీద ఉన్నాడు, నేను పోవాల. పట్టుకో పెద్దాయనా."

మామ భుజం మీది తుండుగుడ్డ తీసి బల్ల మీద పరిచాడు. "ఈడ పండబెట్టు" అన్నాడు.

"పండబెడితే నాలుక వెనక్కి పోతాది. తెలివొచ్చేదాకా ఒకరి చేతిలో ఉండాల."

మామ వరండా అటు చివరికి చూశాడు. ఇటు చివరికి చూశాడు. వాకిట్లో అబ్రహాము కూడా లేడు. రాచర్ల మనిషి గాని కొనకనమిట్ల చుట్టం గాని కనుచూపు మేర లేడని నిశ్చయించుకున్నాక చేతులు చాచాడు.

యేసుమణి పిల్లవాణ్ణి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలో ఉండిపోయింది. ఆమె ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, తెచ్చి, చెన్నడి దవడ కింద పెట్టి, తన వేళ్ళతో ఆయన వేళ్ళను నొక్కి పైకెత్తించింది.

"అట్ల కాదు. ఇట్ల. ఊపిరి నీ చేతికి తగలాల. తగుల్తాందా?"

"ఆఁ."

"నేనొచ్చిందాక తియ్యొద్దు. కక్కుకుంటే మొకం పక్కకు తిప్పు."

ఆమె లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. చెన్నడు ఆయన తెల్లపంచె మీద కక్కుకున్నాడు. ఆయన ముఖం పక్కకు తిప్పాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు. నేను అక్కడికి పోయి పిల్లవాణ్ణి అందుకోవచ్చు. పోలేదు. పట్టుకోనిద్దామనుకున్నాను.

చివరికి రమణమ్మ బయటికి వచ్చింది. తండ్రిని చూసింది, ఆయన ఒళ్ళో కొడుకును చూసింది. "రెండో కంట్లో ఏమీ లేదంట నాయనా" అని చెప్పి, గడపలో కూర్చుని, ఆసుపత్రికి వచ్చిన ఇన్నిసార్లలో మొదటిసారి ఏడ్చింది.

నేను చాటునుంచి బయటికి వచ్చాను. మామ ఉలిక్కిపడ్డాడు.

"నువ్వెప్పుడొచ్చినావు అల్లుడా?"

"ఇప్పుడే మామా."

ఆయనకు ఊపిరి తిరిగింది. పిల్లవాడికి తెలివి వచ్చాక, యేసుమణి వచ్చి చూశాక, లేచి పంచె దులుపుకున్నాడు. ఇంటికి రమ్మని మమ్మల్ని అడిగాడు. రానని రమణమ్మ చెప్పింది. యేసుమణితో ఏదో అందామనుకుని, ఏమని పిలవాలో తెలియక, ఊరికే గొంతు సవరించుకుని స్టేషనుకు నడిచాడు.

తర్వాత కొన్నాళ్ళకు అటునుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. మనవడి కన్ను తానే దగ్గరుండి చూపించానని, పిల్లవాణ్ణి మత్తులో తానొక్కడే పట్టుకుని కూర్చున్నానని అరుగు మీద చెబుతున్నాడట. తలలు ఊగుతున్నాయట.

ఆరోజు ఇల్లు చేరాక, లోపలికి పోయేముందు, యేసుమణి ముట్టుకున్న మైల పోవాలని మామ బావి దగ్గర నిలబడి కట్టుబట్టలతో నెత్తిన నీళ్ళు పోసుకుని ఉంటాడని నేనన్నాను. రమణమ్మ పలక రుద్దడం ఆపకుండా, "తానే తోడుకుంటాడా, అమ్మ చేత తోడించుకుని ఉంటాడు" అంది.